పేర్లు పెట్టిన సన్యాసి: షార్ల్ ప్లూమియే

గుడి ఆవరణల్లోనూ పాత బడుల ముందూ విరివిగా కనిపించే దేవగన్నేరును మనం ఎంత మన చెట్టనుకున్నా, అది ఈ నేలమీద పుట్టినది కాదు. కరీబియన్ దీవులూ, మధ్య అమెరికా ప్రాంతాలూ దాని స్వస్థలం. వృక్షశాస్త్రం దాని ప్రజాతిని, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపును, ప్లూమేరియా అంటుంది. పదిహేడో శతాబ్దంలో ఆ దీవులకు మూడుసార్లు ప్రయాణం చేసిన షార్ల్ ప్లూమియే అనే ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి గౌరవార్థం ఆయన గురువు టూర్నఫోర్ పెట్టిన పేరది. తర్వాత మొక్కల శాస్త్రీయ నామాలకు పద్ధతి ఏర్పరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దాన్ని 1753లో స్థిరపరిచాడు. ప్లూమియే మన దేశానికి ఎన్నడూ రాలేదు. అయినా మన పెరట్లో, వంటింట్లో, మందుల కొట్లో ఉన్న ఎన్నో మొక్కల శాస్త్రీయ నామాలు ఆయన పెట్టినవే.

మొక్కల సేకర్త అనగానే కాగితాల మధ్య అదిమి ఆరబెట్టిన కొమ్మలూ ఆకులూ పెట్టెలకొద్దీ ఓడలకెక్కించిన మనిషి మనకు గుర్తుకొస్తాడు. ప్లూమియే కూడా ఎండు మొక్కలను సేకరించాడు గాని, ఆయన పేరు నిలబెట్టినవి అవి కావు. ఆయన గీసిన బొమ్మలూ, ఆయన పెట్టిన పేర్లూ నిలిచాయి. ఈ రెండింటిలో బొమ్మలే గొప్పవని నా అభిప్రాయం, లోకం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది మాత్రం పేర్లనే.

ఆయన 1646 ఏప్రిల్ 20న మార్సెయ్ నగరంలో పుట్టాడు. పదహారో ఏట మినిమ్ అనే సన్యాసి సంఘంలో చేరాడు. పౌలాకు చెందిన సెయింట్ ఫ్రాన్సిస్ స్థాపించిన ఆ సంఘం నియమాలు మహా కఠినమైనవి. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలతోపాటు నాలుగోదిగా జీవితాంతం ఉపవాస దినాల ఆహారమే తింటామని వాళ్ళు ప్రమాణం చేసేవారు. అంటే మాంసం, గుడ్లు మాత్రమే కాదు, పాలు, వెన్న, జున్ను కూడా నిషిద్ధమే. ఇంతటి కట్టుబాట్ల మధ్య కూడా ఆ సంఘం గణితానికీ భౌతికశాస్త్రానికీ మంచి పేరు తెచ్చుకుంది. ప్లూమియే వాటినే చదివాడు. కొలత పరికరాలు సొంతంగా తయారుచేశాడు, బొమ్మలు గీశాడు, రంగులు వేశాడు. వీటన్నిటికీ మించి లేత్ మీద కొయ్యనూ దంతాన్నీ తిప్పుతూ ఉలితో రూపు తేవడంలో ఆరితేరాడు. ఏటికొప్పాక బొమ్మల పనివాడు కొయ్య తిరుగుతుండగానే దాని లోపలి వంపును కంటితో పసిగట్టినట్టు, వస్తువు ఆకారాన్ని ఒక్క గీతలో పట్టుకునే నేర్పు ఆయనకు ఈ పని వల్లే అబ్బి ఉంటుందని నాకనిపిస్తుంది. తర్వాత రోజుల్లో ఆయన గీసిన మొక్కల బొమ్మల్లో నీడలూ హంగులూ పెద్దగా ఉండవు. అంచు గీత మాత్రం నిక్కచ్చిగా ఉంటుంది.

సంఘం ఆయన్ను రోమ్‌లో ఫ్రెంచివారి మఠమైన త్రినితా దెయ్ మోంతికి పంపింది. అదే సంఘానికి చెందిన గణిత పండితుడు మేన్యాన్ 1642లో ఆ మఠం నడవా గోడమీద వేసిన ఒక వింత చిత్రం ఇప్పటికీ ఉంది. ఎదురుగా నిలబడి చూస్తే అది కొండలూ సముద్రతీరమూ ఉన్న దృశ్యంలా తోస్తుంది, నడవా కొసకు వెళ్ళి ఏటవాలుగా చూస్తే మోకాళ్ళమీద కూర్చుని ప్రార్థిస్తున్న సెయింట్ ఫ్రాన్సిస్ ప్రత్యక్షమవుతాడు. చూసే కోణాన్నిబట్టి రూపం మారుతుందన్న ఎరుక గోడల మీదే ఉన్న చోట ప్లూమియే మొక్కల చదువు మొదలుపెట్టాడు. తన సంఘంలోని సన్యాసుల దగ్గరా, ముఖ్యంగా సిసిలీకి చెందిన వృక్షశాస్త్రవేత్త బొక్కోనె దగ్గరా ఆయనకు శిక్షణ లభించింది. ఫ్రాన్సుకు తిరిగొచ్చాక టూర్నఫోర్‌కు శిష్యుడై, ఆయన వెంట మొక్కల కోసం తిరిగాడు. ప్రొవాన్స్, లాంగ్‌డాక్ తీరప్రాంతాలను గాలించాడు. ఒక మొక్క ఏ ప్రజాతికి చెందుతుందో పువ్వునూ కాయనూ చూసి నిర్ణయించాలన్న టూర్నఫోర్ పద్ధతి ఆయనకు చివరిదాకా దారి చూపింది.

1689లో ఆయన జీవితం మలుపు తిరిగింది. ఫ్రాన్సు ఏలుబడిలో ఉన్న కరీబియన్ దీవుల్లో పనికివచ్చే మొక్కలు ఏమున్నాయో తెలుసుకోవాలని పద్నాలుగో లూయీ ప్రభుత్వం తలపెట్టింది. తగిన మనుషులను వెతికే పని మిషెల్ బెగోన్ అనే ఉన్నతాధికారికి అప్పగించారు. బెగోన్ అంతకుముందు ఆ దీవుల్లోనే పాలనాధికారిగా పనిచేసినవాడు, మొక్కలూ నాణేలూ పుస్తకాలూ సేకరించే సరదా ఉన్నవాడు. మార్సెయ్‌కే చెందిన సూరియన్ అనే వైద్యుణ్ణి ఆయన ఎంచుకున్నాడు. మొక్కల మందు గుణాలను పరిశీలించడం సూరియన్ వంతు, వాటిని వర్ణించి బొమ్మలు గీయడం ప్లూమియే వంతు. ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఏడాదిన్నరపాటు మార్టినీక్‌లోనూ, నేడు హైతీగా పిలిచే సెయింట్ డొమింగ్‌లోనూ ప్లూమియే తిరిగాడు. ఆ ప్రయాణం ఎంత ఫలించిందంటే, తిరిగొచ్చాక ఆయనకు రాజుగారి వృక్షశాస్త్రవేత్త అన్న హోదా దక్కింది. 1693లో రెండోసారి, 1695లో మూడోసారి రాజాజ్ఞ మీదే వెళ్ళాడు.

ఆ దీవులు ఆనాడు ఎలా ఉండేవో చెప్పకుండా ఈ కథ చెప్పడం సరికాదు. చక్కెర తోటలు వేగంగా విస్తరిస్తున్న కాలమది. ఆఫ్రికా నుంచి సంకెళ్ళు వేసి తెచ్చిన బానిసల శ్రమమీద ఆ తోటలు నడిచేవి. దీవుల అసలు వాసులైన కరీబులను అప్పటికే చాలా దీవుల నుంచి తరిమేశారు. ప్లూమియే ఎక్కిన ఓడలూ, దిగిన రేవులూ, బస చేసిన మఠాలూ అన్నీ ఆ వ్యవస్థలో భాగమే. ఏ మొక్క ఎక్కడ దొరుకుతుందో, ఏది దేనికి పనికొస్తుందో అక్కడి మనుషులకే బాగా తెలుసు. కొత్తగా వచ్చిన సన్యాసి వారి సాయం లేకుండా అడవుల్లో అంత పని చేశాడంటే నమ్మడం కష్టం. ఆయన పెట్టిన పేర్ల జాబితాలో మాత్రం వాళ్ళకు చోటు దక్కలేదు.

మొదటి ప్రయాణం ఫలితం 1693లో రాజముద్రణాలయం నుంచి వెలువడింది. అమెరికా మొక్కల వర్ణన అని అర్థమొచ్చే ఆ ఫ్రెంచి గ్రంథంలో 108 చిత్రపటాలున్నాయి. వాటిలో దాదాపు సగం ఫెర్న్ మొక్కలవే. ఈ సంగతి నాకు చాలా ఆసక్తికరంగా తోచింది. పువ్వూ కాయా చూసి వర్గీకరించాలన్న గురువు బోధ నూరిపోసుకున్న శిష్యుడు, పువ్వే లేని మొక్కలమీద అంత మక్కువ పెంచుకున్నాడు. ఫెర్న్‌కు ఆకే సర్వస్వం. దాని అంచుల్లోని చీలికలు, ఈనెలు చీలే తీరు, ఆకు అడుగున బీజాల గుంపులు వరసలుగా ఉన్నాయా చుక్కలుగా ఉన్నాయా అన్నది, వీటిని బట్టే ఒకదాన్నుంచి మరొకదాన్ని వేరు చేయాలి. మాటల్లో వర్ణిస్తే పేజీలు పట్టే తేడా మంచి గీతల్లో క్షణంలో తెలిసిపోతుంది. బొమ్మ గీయడం వచ్చినవాడికి ఇంతకన్నా తగిన మొక్క ఉండదు. ఆయన ఫెర్న్‌ల మీదే ప్రత్యేకంగా రాసిన పెద్ద గ్రంథం 172 పటాలతో, లాటిన్, ఫ్రెంచి భాషలు రెండింటిలోనూ, మరణానంతరం 1705లో వచ్చింది.

మధ్యలో, 1701లో, లియోన్ నగరం నుంచి ఆయన ప్రచురించిన పుస్తకానికి మొక్కలతో సంబంధమే లేదు. అది లేత్ పనిమీద రాసిన సచిత్ర గ్రంథం. రాజుగారి వృక్షశాస్త్రవేత్తగా పేరొచ్చాక కూడా తన పాత పనిముట్లను వదలకుండా, ఉలి పట్టుకునే తీరు దగ్గర్నుంచి యంత్రం బిగించే పద్ధతి దాకా పటాలు గీసి వివరించిన మనిషిమీద నాకు గౌరవం పెరిగింది. పనివాళ్ళ నేర్పును పుస్తకంలో పెట్టడం చిన్నతనంగా భావించే పండితులు ఆ కాలంలో తక్కువేమీ కాదు.

ఇంకో చిన్న విషయం చెప్పి ముందుకు వెళ్తాను. ఎర్రరంగు అద్దకానికి వాడే కొచ్చినీల్ విలువైన సరుకు. అది ఏదో మొక్క గింజ అని యూరప్‌లో చాలామంది నమ్మేవారు. నాగజెముడు మీద బతికే పురుగు నుంచి ఆ రంగు వస్తుందని చెప్పినవాళ్ళలో ప్లూమియే ఒకడు. దీనిమీద ఆయన ఫ్రెంచి పండితుల పత్రికలో వ్యాసం కూడా రాశాడు.

ఆయనకు శాశ్వతమైన పేరు తెచ్చినది 1703లో వెలువడిన అమెరికా కొత్త ప్రజాతుల గ్రంథం. దాదాపు వంద ప్రజాతులనూ, సుమారు ఏడు వందల జాతులనూ అందులో పొందుపరిచాడు. వాటిలో చాలా ప్రజాతులకు తనకంటే ముందు మొక్కలమీద కృషి చేసిన పండితుల పేర్లు పెట్టాడు. మనుషుల పేర్లు మొక్కలకు పెట్టడం అంతకుముందు లేకపోలేదు గాని, ఇంత పెద్ద ఎత్తున, ఒక పద్ధతిగా చేసినవాడు ఆయనే. ఆ పేర్లలో చాలావాటిని లిన్నేయస్ దాదాపు యథాతథంగా స్వీకరించడంతో అవి లోకమంతటా పాకాయి.

వాటిలో తెలుగువారికి పరిచయమైన మొక్కలను వెతికితే వరస పెద్దదే తేలుతుంది. దేవకాంచనం ప్రజాతికి బౌహీనియా అని పేరు. జాన్, గాస్పార్ బౌహిన్ అనే అన్నదమ్ములిద్దరూ వృక్షశాస్త్రవేత్తలు. రెండు రెక్కలుగా చీలిన ఆ ఆకు ఆ ఇద్దరు సోదరులకు సరిగ్గా సరిపోయిందని తర్వాత లిన్నేయస్ మెచ్చుకున్నాడు. నందివర్ధనం ప్రజాతి పేరు పదహారో శతాబ్దపు జర్మన్ వైద్యుడు తాబెర్నెమోంటానుస్‌ది. ముళ్ళగోరింటది బార్లేరియా, అంటే ఫ్రెంచి సన్యాసి బారెలియేది. పెండలానికి ప్రాచీన గ్రీకు వైద్యుడు డయోస్కోరిడిస్ పేరూ, పసిపిల్లలకు జావ కాచి పట్టే పాలగుండ మొక్కకు ఇటలీ వైద్యుడు మరాంటా పేరూ దక్కాయి. సర్పగంధి సంగతి మరీ విడ్డూరం. దాని ప్రజాతి రావోల్ఫియా. రావోల్ఫ్ అనే జర్మన్ వైద్యుడు 1570లలో సిరియా, ఇరాక్ ప్రాంతాల్లో తిరిగాడు గాని మన దేశం చూడలేదు. ప్లూమియే ఆ పేరు పెట్టింది కరీబియన్‌లో తనకు దొరికిన చుట్టపు మొక్కకు. ఇక్కడ మన వైద్యులు తరతరాలుగా వాడుతున్న సర్పగంధి తర్వాత అదే ప్రజాతిలో చేరింది. 1952లో దాని వేరు నుంచి రక్తపోటు మందు రెసర్పిన్‌ను వేరుచేశాక, చూడని దేశపు మందు మొక్కతో రావోల్ఫ్ పేరు ప్రపంచమంతటా మారుమోగింది.

ఈ పేర్లలో ఉదారత ఉంది, కాదనను. తన పేరు ఒక్క మొక్కకూ పెట్టుకోకుండా గతించిన పండితులను గుర్తుచేసుకోవడం సన్యాసికి తగిన పని. తనతో వచ్చిన సూరియన్‌ను కూడా మరిచిపోకుండా తీరప్రాంతపు ఒక పొదకు సూరియానా అని పేరుపెట్టాడు. కాని మన పూలకుండీల్లో అందంగా ఒదిగిపోయిన బెగోనియా దగ్గరికి వచ్చేసరికి నా మెచ్చుకోలు ఆగిపోతుంది. తనకు ఈ అవకాశం ఇప్పించిన మిషెల్ బెగోన్‌కు కృతజ్ఞతగా ప్లూమియే ఆ పేరు పెట్టాడు. ఫ్రెంచి వలసల్లో బానిసల జీవితాన్నీ శిక్షలనూ శాసించిన 1685 నాటి నల్ల చట్టానికి ఆధారమైన నివేదికను 1683లో దీవుల గవర్నర్ బ్లెనాక్‌తో కలిసి తయారుచేసినవాడు ఆ బెగోనే. పారిపోయిన బానిస చెవులు కోయమనీ, మూడోసారి పారిపోతే చంపమనీ రాసిన చట్టమది. ఆ చట్టం కింద మగ్గిన మనుషుల దీవుల్లోనే ఆ పువ్వును ప్లూమియే మొదటిసారి చూశాడు. పేరును ఇప్పుడు మార్చాలని నేను వాదించడం లేదు, ఎవరి పేరో తెలిసి పిలవడం మేలని మాత్రం అనుకుంటాను.

ప్లూమియే ఉద్దేశించిన మొక్కలకే అన్ని పేర్లూ మిగల్లేదు కూడా. లోబెలియా అని ఆయన పిలిచినది సముద్రపు ఒడ్డున ఇసుకలో పెరిగే పొద. లిన్నేయస్ ఆ పేరును మరో ప్రజాతికి మార్చేశాడు. ఒడ్డునున్న ఆ పొద ఇప్పుడు స్కేవోలా ప్రజాతిలో చేరి, జాతి పేరుగా ప్లూమియే పేరునే మోస్తోంది. మాగ్నోలియా కథా ఇంచుమించు ఇలాంటిదే. మోంపెలియే నగరపు ఆచార్యుడు మాన్యోల్ పేర ప్లూమియే మార్టినీక్ చెట్టుకు పెట్టిన ఆ పేరును లిన్నేయస్ ఉత్తర అమెరికా చెట్టుకు వాడాడు. మార్టినీక్ చెట్టు చాలాకాలం వేరే ప్రజాతిలో ఉండి, ఇటీవలి వర్గీకరణలో మళ్ళీ మాగ్నోలియాకే చేరింది.

1704లో ఆయన నాలుగో ప్రయాణానికి బయలుదేరాడు. ఈసారి గమ్యం పెరూ. మలేరియా జ్వరానికి మందుగా యూరప్ అంతా వెతుకుతున్న సింకోనా బెరడు అక్కడి నుంచే వచ్చేది గాని, దాన్నిచ్చే చెట్టు ఎలా ఉంటుందో వృక్షశాస్త్రవేత్తలెవరూ వర్ణించి ఉండలేదు. రాజవైద్యుడు ఫగోన్ ఆ పని ప్లూమియేకు అప్పగించాడు. పెరూ స్పెయిన్ రాజ్యంలోది, ఆ సింహాసనం మీద అప్పటికి లూయీ మనుమడే ఉన్నాడు. ఓడ ఎక్కడానికి స్పెయిన్‌లోని కాడిజ్ దగ్గరి సాంటా మారియా రేవు చేరిన ప్లూమియేకు ఊపిరితిత్తుల పొర వాచి జ్వరం వచ్చింది. 1704 నవంబర్ 20న, యాభై ఎనిమిదో ఏట, అక్కడే కన్నుమూశాడు. సింకోనా చెట్టు వర్ణన కోసం యూరప్ మరో ముప్పై ఏళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది. దాన్ని ప్రచురించినవాడు లా కొండమిన్, 1738లో.

ప్లూమియే వదిలి వెళ్ళిన రాతప్రతులు 31 సంపుటాలు. వాటిలో సుమారు 6,000 బొమ్మలున్నాయి. 4,000 దాకా మొక్కలవి, మిగిలినవి చేపలు, పక్షులు, ఇతర జంతువులవి. అచ్చుకు వచ్చింది అందులో కొంత భాగమే. లైడెన్ నగరపు ప్రఖ్యాత వైద్యాచార్యుడు బూర్హావె పారిస్‌కు మనిషిని పంపి 508 బొమ్మలకు నకళ్ళు రాయించుకున్నాడు. వాటిని యోహానెస్ బర్మన్ 1755 నుంచి 1760 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రచురించాడు. చేపల బొమ్మలున్న ఒక రాతప్రతి బెర్లిన్‌లో బ్లాఖ్ అనే మత్స్యశాస్త్రవేత్త చేతికి చిక్కింది. అందులోని బొమ్మల ఆధారంగానే ఆయన తన గ్రంథంలో కొన్ని చేపలను వర్ణించాడు. చచ్చిన చేపను సారాలో నిలవచేస్తే రంగు పోతుంది, ఆకారం ముడుచుకుంటుంది. ఒడ్డున కూర్చుని అప్పుడే పట్టిన చేపను చూసి గీసిన బొమ్మకు అందుకే అంత విలువ.

లిన్నేయస్ కరీబియన్ వెళ్ళలేదు. ప్లూమియే మొక్కలు చాలావరకు ఆయనకు పుస్తకంలోని బొమ్మల ద్వారానే తెలుసు. అందువల్ల 1753లో ఆయన పేరుపెట్టిన కొన్ని జాతులకు ఆధారంగా చూపడానికి ఎండు నమూనా లేదు, ప్లూమియే బొమ్మ తప్ప. ఒక జాతి పేరు దేనికి చెందుతుందో తేల్చడానికి వృక్షశాస్త్రంలో ఒక ప్రామాణిక నమూనా ఉండాలి. అది లేనిచోట తొలి ప్రచురణనాటి చిత్రాన్నే ప్రామాణికంగా తీసుకోవడానికి నియమావళి ఒప్పుకుంటుంది. అలా ఎంపికైన బొమ్మల్లో ఫ్యూషియా త్రిఫిల్లాది ఒకటి. సెయింట్ డొమింగ్ దీవిలో ఎర్రని గొట్టాల్లాంటి పూలతో కనబడ్డ ఆ మొక్కకు, 1542లో మూలికల గ్రంథం ప్రచురించిన జర్మన్ వైద్యుడు ఫుక్స్ పేరు పెట్టాడు ప్లూమియే. నూట డెబ్భై ఏళ్ళపాటు ఆ జాతి తోటమాలుల చేతికి దొరకలేదు, మిగిలిన ఫ్యూషియాలతో పోలిక కుదరక ఆ బొమ్మే తప్పేమోనని అనుమానించినవాళ్ళూ ఉన్నారు. 1873లో థామస్ హాగ్ అనే అమెరికన్ సేకర్త అదే దీవి నుంచి దాని విత్తనాలు న్యూయార్క్‌కు పంపించాక మొక్కలు మొలిచి, పూసి, సందేహం తీరింది. ఇవాళ పేరున్న నర్సరీల్లో ఎర్రటి గుత్తులతో అమ్మే సంకర ఫ్యూషియాలు చాలావాటికి ఆ జాతి ఒక మూలం.